కన్యాశుల్కానికి మనుషులు కావాలి

మొన్న ఆదివారం పొద్దున తొమ్మిదింటికి విజయవాడ సత్యనారాయణపురంలో మేం అద్దెకి తీసుకున్న స్కూల్ హాలు తలుపు తీసేసరికే గుమ్మం దగ్గర ఆరుగురు నిలబడి ఉన్నారు, ఒక పెద్దాయన ఏకంగా హార్మోనియం పెట్టెతో వచ్చేశారు. గురజాడ కన్యాశుల్కం నాటకం వేస్తున్నాం, ఓపెన్ ఆడిషన్ అని వాట్సాప్‌లో పెడితే ఎవరొస్తారులే అనుకున్నాం మేం, సాయంత్రానికి లెక్క చూసుకుంటే 47 మంది. అందులో ఆడవాళ్ళు 11 మంది. ఆ పదకొండు అంకె నాకు ఎంత సంతోషమో నాటకాలు వేసేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఎందుకంటే మన దగ్గర పరిషత్తు పోటీలకి వేసే నాటికలు ఎలా తయారవుతాయో తెలిసిందే కదా. మగ పాత్రలు నాటక సమాజంలో వాళ్ళే పంచేసుకుంటారు, ఆడ పాత్రలకి నాలుగైదు సమాజాలకి ఒకేసారి వేసే ఆర్టిస్టుని మాట్లాడుకుంటారు, ఆవిడ పాపం పోటీకి రెండు మూడు రోజుల ముందొచ్చి డైలాగులు పట్టేసుకుని స్టేజీ ఎక్కి నిలబెట్టేస్తారు. వాళ్ళ ధారణకి నేను చేతులెత్తి దండం పెడతాను, అది మామూలు విద్య కాదు. కానీ గంట నాటికకి సరిపోయే ఆ పద్ధతి కన్యాశుల్కానికి సరిపోదు. ఏడంకాల నాటకం అది, ఉన్నదున్నట్టు వేస్తే పూట పూటంతా పడుతుంది, మేం రెండున్నర గంటలకి కుదించి 16 మందితో వేద్దామనుకుంటున్నాం, దానికి కనీసం మూడు నెలలు కలిసి కూర్చునే మనుషులు కావాలి. అందుకే తలుపులు తెరిచాం.

వచ్చినవాళ్ళలో సగం మంది మాటలతో బుట్టలో వేసే గిరీశం పాత్ర కోసమే వచ్చారు. 1955 సినిమాలో ఎన్టీఆర్ గారిని అందరం చూసినవాళ్ళమే, ఆ చుట్ట, ఆ నడక, ఆ గొంతు అన్నీ దించేశారు కుర్రాళ్ళు. బాగానే చేశారు కూడా. కానీ నాకు కావాల్సింది అది కాదు, అందుకని మధ్యాహ్నం నుంచి పద్ధతి మార్చాను. ఎవరొచ్చినా సరే, ఏ పాత్ర అడిగినా సరే, ముందు చిన్నప్పుడే వితంతువైన బుచ్చమ్మ సీను చదవమన్నాను, మగవాళ్ళని కూడా. గిరీశం వితంతు వివాహం గురించి ఏవేవో చెప్తూ పోతుంటే బుచ్చమ్మ చిన్న చిన్న ప్రశ్నలు వేస్తుంది కదా, ఆ సీను. బుచ్చమ్మకి మాటలు తక్కువ. వినడమే ఎక్కువ. ఎదుటివాడు మాట్లాడుతున్నప్పుడు మనిషి ఏం చేస్తున్నాడో అక్కడ తెలిసిపోతుంది, చాలామంది వేలు పెట్టుకుని తమ తర్వాతి లైను ఎక్కడుందా అని కాగితంలో వెతుక్కుంటూ ఉంటారు, అంతే.

గుంటూరు నుంచి బస్సులో వచ్చిన ఒక నర్సింగ్ స్టూడెంట్ మాత్రం కాగితం ఒళ్ళో బోర్లా పెట్టేసింది. గిరీశం చదివే కుర్రాడు మాట్లాడుతున్నంతసేపూ అతని మొహమే చూసింది. అతను మొదట సినిమా గొంతుతో మొదలుపెట్టినవాడు నాలుగో డైలాగుకొచ్చేసరికి గొంతు దించేశాడు, ఎదురుగా ఒక పిల్ల తన మాట నమ్ముతోందనేసరికి అతనికి నిజంగానే అబద్ధం చెప్పాల్సొచ్చింది, అప్పటిదాకా చెప్పలేదు. ఆమె రెండు లైన్లు తప్పు చదివింది, అయినా నాకు బుచ్చమ్మ దొరికేసింది. ఆ కుర్రాడికి కూడా ఆమె వల్లే గిరీశం వచ్చింది అంటాను నేను. ఇన్నేళ్ళుగా ఆడిషన్ అంటే డైలాగు చెప్పించుకోవడమే అనుకున్నాను, అది పొరపాటు, వినేవాళ్ళని వెతుక్కోవాలి. అందులోనూ కన్యాశుల్కం, అందులో ప్రతివాడూ ఎదుటివాడి మాటలోంచే తన ఎత్తు వేసేది.

హార్మోనియం పెద్దాయన సంగతి చెప్పాలి. డెబ్బై దాటాయి, తెనాలి దగ్గర పల్లెటూరు, హరిశ్చంద్రలో కాటిసీను ఎన్నిసార్లు కట్టారో ఆయనకే లెక్క లేదు. కన్యాశుల్కంలో మాకు పద్యాలు పాడే పాత్ర లేదండి అని చెప్పడానికి నాకు నోరు రాలేదు, ముందు పాడమన్నాం. జాషువా గారి శ్మశానవాటి పద్యం ఎత్తుకున్నారు, మన వినుకొండ కవి రాసిన పద్యాలు హరిశ్చంద్ర నాటకంలోకి వచ్చి అక్కడే ఉండిపోయాయి చూడండి, హాలు హాలంతా అలా నిశ్శబ్దమైపోయింది, బయట టీ తాగుతున్నవాళ్ళు కూడా లోపలికొచ్చారు. తర్వాత ముసలి పిసినారి లుబ్ధావధాన్లు పాత్ర చదివించాను. ప్రతి వాక్యం చివర రాగం తీస్తున్నారు, అరవై ఏళ్ళ అలవాటు కదా. బాబాయిగారూ, మీ ఇంట్లో అప్పు తీసుకున్నవాడు ఎగ్గొడితే ఎలా అడుగుతారు అలా అనండి అన్నాను. నవ్వేసి, ఒక్క నిమిషం ఆలోచించి, అన్నారు. ఆయన్నే తీసుకున్నాం. మూడు నెలల్లో ఆ రాగం పూర్తిగా పోతుందని నేననుకోను, కొంచెం మిగిలినా ఆ ముసలాడికి బాగుంటుంది.

భాష ఇంకో పెద్ద పని. ఈ నాటకం విజయనగరంది, 1892లో అక్కడే మొదటిసారి ఆడింది, పుస్తకం 1897లో వచ్చింది, మళ్ళీ గురజాడ చాలా తిరగరాసి 1909లో వేసిందే ఇప్పుడు మనం చదివేది. మా వాళ్ళ నోట్లో అదంతా కృష్ణా జిల్లా అయిపోతోంది. విజయనగరం జిల్లా బొబ్బిలి నుంచి ఇక్కడికి కాపురానికొచ్చిన ఒకావిడ ఉన్నారు, కూరగాయల వ్యాపారం, ఎవరో చెప్తే చూద్దామని వచ్చారట. మా కుర్రాడొకడు పనివాడు అసిరి మాటల్ని మన 'ఏంటి'తో చదువుతుంటే ఆవిడ ఉండబట్టలేక 'ఏటి అనాల బాబూ' అన్నారు వెనక నుంచి. అంతే, ముందుకి పిలిచి కూర్చోబెట్టాం. బ్రాహ్మణ పాత్రల భాష వేరు, అది వేరే నేర్చుకోవాలనుకోండి, కానీ ఆ పలుకులో ఉండే ఊపు ఆవిడ నోట వింటే తప్ప పుస్తకంలో కనపడదు. రిహార్సల్స్‌కి వారానికి రెండు సాయంత్రాలు వస్తానన్నారు. ఆవిడకి పూటకూళ్ళమ్మ వేషం ఇచ్చాం, చీపురు పట్టుకుని మంచం కింద దాక్కున్నవాళ్ళని వెతికే సీను, చదవగానే ఆవిడే ముందు పడీ పడీ నవ్వారు.

నాటకంలో ఆడపిల్ల వేషం కట్టే కరటకశాస్త్రి శిష్యుడి పాత్రకి మాత్రం తొమ్మిదో క్లాసు పిల్లాడొకడు తెలివిగా చదివాడు, చీర కట్టాలనేసరికి స్కూల్లో ఏడిపిస్తారని వెనక్కి తగ్గాడు. నేను బలవంతం చెయ్యలేదు. బాపట్లలో పుట్టి ఆడవేషాలకి పేరుపడ్డ నటుడు స్థానం నరసింహారావు గారి గురించి చెప్పాను, సత్యభామ, చింతామణి, ఈ నాటకంలోనే మధురవాణి, అన్నీ ఆయన వేసినవేనని, 1956లో పద్మశ్రీ ఇచ్చారని. ఫోటో చూపిస్తే చాలాసేపు చూశాడు. అమ్మని అడిగి చెప్తానన్నాడు.

ఇక మధురవాణి. ఇంకా దొరకలేదు. ఇద్దరు బాగా చదివారు, ఒకమ్మాయైతే రామప్పంతులుతో సీను చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది, కానీ వేశ్య పాత్ర అని ఇంట్లో తెలిసి మర్నాడు ఫోన్ చేసి రాలేనండి అంది. ఇంకొకామె కూడా అదే కారణం. నాకు వాళ్ళ మీద కోపం లేదు, బాధ ఉంది. ఆ నాటకంలో అందరికంటే తెలివైన మనిషి, అందరికంటే న్యాయంగా ఆలోచించే మనిషి ఆవిడే కదండీ. చివర్లో మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు ఇంటికెళ్ళి గిరీశం బండారం బయటపెట్టేది ఎవరు? ఈ పాత్ర వేసినందుకు ఒక అమ్మాయి తలొంచుకోవాల్సిన అవసరం ఏముందో నాకు అర్థం కాదు. ఆ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఒప్పుకుంటే నేనే వెళ్ళి కూర్చుని మొత్తం నాటకం చదివి వినిపిస్తాను, ఆ మాట ఆ అమ్మాయికి కూడా చెప్పాను.

వచ్చే ఆదివారానికి కూడా అదే హాలు మాట్లాడాం, ఈసారి మధురవాణి కోసమే. డైలాగులు కంఠతా రానక్కర్లేదు, ఇంతకుముందు స్టేజీ ఎక్కి ఉండక్కర్లేదు, ఇంట్లోవాళ్ళని తోడు తెచ్చుకున్నా మంచిదే, వాళ్ళూ కూర్చుని వింటారు. తొమ్మిదింటికి తలుపు తీస్తాం.