పీణ్యాలో నికెల్ తొట్టి

బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడలో, విద్యుత్తుతో లోహపు పూత (ఎలక్ట్రోప్లేటింగ్) వేసే చోట, కొక్కేలకు వేలాడుతున్న ఇత్తడి కుళాయిలు ఆకుపచ్చ నికెల్ ద్రావణంలోకి దిగాయి. "కాసేపు ఆగండి సార్, రంగు మారుతుంది" అన్నారు తొట్టి దగ్గరున్న అనంతపురం అన్న. పైకి తీసేసరికి ఇత్తడి పసుపు ఎక్కడా లేదు!

ధనధ్రువం దగ్గర నికెల్ పలక కరుగుతుంది, రుణధ్రువమైన కుళాయి మీద నికెల్ పేరుకుంటుంది. ఎంత విద్యుత్తు పారితే అంత లోహం. 1830లలో ఫారడే తేల్చిన ఈ లెక్కతోనే పీణ్యాలో ఈరోజుకీ పని నడుస్తోంది. ఒక ఆంపియర్ గంటసేపు పారితే దాదాపు ఒక గ్రాము నికెల్.

మనం క్రోమియం మెరుపు అనుకునేది చాలావరకు ఈ నికెల్‌దే. పైన క్రోమియం పొర మందం సాధారణంగా ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా ఉండదు.

నన్ను కలవరపెట్టింది ఆ పై పొర వేసే క్రోమియం తొట్టే. అక్కడ ధనధ్రువం సీసం, అది కరిగి పూత కాదు. లోహమంతా క్రోమిక్ ఆమ్లం నుంచే రావాలి. బుడగలతో పాటు పైకి లేచే ఆ తుంపర పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు.

"మాస్కు ఇవ్వలేదా అన్నా?" అని అడిగితే ముక్కుకు కట్టుకున్న తువ్వాలు చూపించారు. అది ఏ మాత్రం చాలదు. తొట్టి అంచునే తుంపరను లాగేసే ఫ్యాను, సరైన మాస్కు యజమాని ఇవ్వాల్సిందే. ఈ క్రోమిక్ ఆమ్లం కన్నా ప్రమాదం తక్కువైన, క్రోమియం వేరే రూపంలో ఉండే త్రిసంయోజక క్రోమియం ద్రావణాలూ ఇప్పుడు దొరుకుతున్నాయి.