జపాన్ నుంచి వచ్చిన పాత లీఫ్: ఎనిమిది నెలల నోట్‌బుక్

వాహనం: నిస్సాన్ లీఫ్, 2014 నాటిది, 24 యూనిట్ల బ్యాటరీ. చేతికి వచ్చినప్పుడు మీటరు మీద 61,400 కిలోమీటర్లు. ఎలక్ట్రిక్ వాహనాల్లో బ్యాటరీ సామర్థ్యాన్ని కిలోవాట్ అవర్లలో చెబుతారు. కరెంటు బిల్లులో మనం చూసే యూనిట్ కూడా అదే కాబట్టి ఇక్కడంతా యూనిట్లనే రాస్తున్నాను.

కొనకముందు

నేను మొదట చూసింది కారును కాదు, వేలం చీటీని. జపాన్‌లో పాత కార్లు ఎక్కువగా వేలంలో చేతులు మారతాయి. అక్కడి తనిఖీదారు కారు చుట్టూ తిరిగి ఒక కాగితం రాస్తాడు. అది ఆ బండి జాతకం. మొత్తానికి ఒక అంకె, లోపలి భాగానికి ఒక అక్షరం, మధ్యలో కారు బొమ్మ మీద గుర్తులు. ఏ అంటే గీత, యూ అంటే సొట్ట, డబుల్యూ అంటే గతంలో రిపేరు చేసిన జాడ. పక్కన ఉండే 1, 2, 3 అంకెలు తీవ్రతను చెబుతాయి. అంకె ఉండాల్సిన చోట ఆర్ అని ఉంటే ప్రమాదం తర్వాత బాగుచేసిన బండి అని అర్థం. నా కారుకు 4, లోపల బీ, వెనక ఎడమ తలుపు మీద డబుల్యూ2 వచ్చాయి. ఎండలో ఏటవాలుగా చూస్తే ఆ తలుపు రంగు ఒక పిసరు తేడాగా కనిపిస్తుంది. చీటీ చూడకపోతే జన్మలో గమనించేవాడిని కాదు.

మొదటి రిజిస్ట్రేషన్ సంవత్సరం దగ్గర తికమక పడ్డాను. చీటీలో 26 అని ఉంది. అది జపాన్ వాళ్ల హెయిసెయి శకం లెక్క. దానికి 1988 కలిపితే 2014. 2019 నుంచి రెయివా శకం మొదలైంది కాబట్టి ఆ తర్వాతి కార్లకు 2018 కలపాలి. ఎగుమతి పత్రంలో చివరి తనిఖీ నాటి కిలోమీటర్ల రీడింగు కూడా ఉంటుంది. దాన్ని వేలం చీటీతోనూ, కారు మీటరుతోనూ పోల్చాను. మూడూ వరుసగా పెరుగుతూ వస్తే నమ్మవచ్చు.

ఇవన్నీ పెట్రోలు కారుకైనా చూసేవే. ఎలక్ట్రిక్ కారులో అసలు ప్రశ్నకు మాత్రం నా చీటీలో జవాబు లేదు: బ్యాటరీ ఎంత మిగిలింది? మీటరు కుడి అంచున సన్నటి గీతలు నిలువుగా ఉంటాయి, కొత్తలో పన్నెండు. అమ్మినవారు పంపిన ఫొటోలో పదకొండు కనిపించాయి. గీతల లెక్క సమానంగా సాగదు. మొదటి గీత పోయేసరికి దాదాపు 15 శాతం సామర్థ్యం పోయి ఉంటుంది; ఆ తర్వాత గీతకు ఆరు శాతం పైచిలుకు. అంటే పదకొండు గీతల కారు 84 శాతంలోనూ ఉండవచ్చు, 79లోనూ ఉండవచ్చు.

మొదటి రోజు

బటన్ నొక్కగానే ఒక స్త్రీ గొంతు జపనీస్‌లో ఏదో మర్యాదగా చెప్పింది. ఫోనులోని అనువాద యాప్‌కు వినిపిస్తే తేలింది: కార్డు పెట్టలేదట. అక్కడి టోల్ రోడ్ల మీద డబ్బు కట్టే పరికరం గోల అది. మూడు రోజులు విన్నాక దాని వైరు తీసేశాను. కారు కొంచెం మూగబోయినట్టు అనిపించిన మాట నిజం.

రాత్రి ఛార్జింగ్‌కు పెట్టాను. ముందు అద్దం కింద మూడు నీలం దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగి ఆరాయి. తర్వాత ఏమీ లేదు. కేబుల్ మార్చాను, ప్లగ్గు మార్చాను, బ్రేకరు చూశాను. గంటసేపు అవస్థ పడ్డాక తెలిసింది, పాత యజమాని పెట్టుకున్న ఛార్జింగ్ టైమర్ ఇంకా పనిచేస్తోంది. దీపాలు అలా వరుసగా వెలగడమంటే "సమయం కోసం ఎదురుచూస్తున్నాను" అని. స్టీరింగ్ పక్కన టైమర్‌ను పక్కనపెట్టే బటన్ ఉంది. అది నొక్కగానే కరెంటు ఎక్కింది. టైమర్‌ను శాశ్వతంగా తీసేయాలంటే జపనీస్ మెనూలోకి వెళ్లాలి. ఫోను కెమెరాను తెర మీద పెట్టి, అనువాదం చదువుతూ ఒక్కో మెట్టు దిగాను. ఆ మెట్లన్నీ కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకున్నాను, మళ్లీ ఎప్పుడైనా కావాలి కదా.

మొదటి వారం: బ్యాటరీ ఎంత?

కారు కంప్యూటర్ల సమాచారం చదివే ఓబీడీ పోర్టుకు తగిలించే చిన్న బ్లూటూత్ పరికరం (డాంగిల్), ఆ అంకెలు చూపించే లీఫ్ స్పై యాప్ ఫోనులో. ఈ రెండూ లేకుండా పాత లీఫ్ కొనడమంటే కళ్లకు గంతలు కట్టుకుని కొనడమే. చౌక డాంగిళ్లలో కొన్ని ఈ కారుతో మాట్లాడవు; నా మొదటిది అలాంటిదే.

వచ్చిన అంకెలు: ఆరోగ్యం 76 శాతం, సామర్థ్యం 49.9 ఆంపియర్ అవర్లు (ఈ 24 యూనిట్ల బ్యాటరీకి కొత్తలో సుమారు 65), వేగవంతమైన ఛార్జింగులు 412, మామూలువి 1,130. మీటరు మీద గీతలు పది. ఫొటోలో కనిపించిన పదకొండో గీత ఎక్కడ రాలిపోయిందో తెలియదు. ఫొటో ఎప్పుడు తీసిందని నేను అడగలేదు, కాబట్టి తప్పు నాదే. ఫొటోలో తేదీ కనిపించేలా, కారు ఆన్‌లో ఉన్నప్పుడు, కిలోమీటర్లూ గీతలూ ఒకే చట్రంలో ఉండేలా అడగాలి.

అంతకంటే పెద్ద మోసం ఒకటి ఉంది. బ్యాటరీని లెక్కగట్టే కంప్యూటర్‌ను రీసెట్ చేస్తే పన్నెండు గీతలూ తిరిగి వచ్చేస్తాయి, యాప్ కూడా నూటికి దగ్గరగా చూపిస్తుంది. కొన్ని వారాలు నడిపేసరికి గీతలు ఒక్కొక్కటే రాలి అసలు సంగతి బయటపడుతుంది. దీనికి విరుద్ధమైన కథ కూడా ఉంది: 30 యూనిట్ల లీఫ్‌లలో ఆ కంప్యూటర్ ఉన్న సామర్థ్యం కంటే తక్కువ చూపించేది, 2018లో సాఫ్ట్‌వేర్ మార్పుతో సరిచేశారు. అందుకే నేను అంకెను కాక కరెంటునే కొలవాలనుకున్నాను.

కొలత ఇలా: బ్యాటరీని 15 శాతం దాకా నడిపి దించాను. గోడ ప్లగ్గుకు, కేబుల్‌కు మధ్య యూనిట్లు లెక్కపెట్టే చిన్న మీటరు పెట్టి నూటి దాకా ఎక్కించాను. మీటరు 15.8 యూనిట్లు తాగినట్టు చూపించింది. ఛార్జర్‌లో వేడి రూపంలో పోయేది 13 శాతం అనుకుంటే బ్యాటరీలోకి వెళ్లింది 13.7. అది 85 శాతం భాగం కాబట్టి మొత్తం 16 యూనిట్ల పైచిలుకు. కొత్త బ్యాటరీలో వాడుకోగలిగేది 21 చిల్లర. దానిలో 76 శాతం అంటే 16 చిల్లర. రెండు దారుల్లో వచ్చినా ఒకే గుమ్మం దగ్గర ఆగాయి కాబట్టి ఎవరూ రీసెట్ చేయలేదని నిశ్చింత కలిగింది.

చూడాల్సింది ఇంకొకటి. ఈ బ్యాటరీలో 192 సెల్స్ ఉంటాయి, జంటలుగా కలిపి 96 జంటలు వరుసలో. నిండుగా ఉన్నప్పుడు అన్నీ బుద్ధిమంతుల్లాగే కనిపిస్తాయి. నా వాటి మధ్య తేడా అప్పుడు 14 మిల్లీవోల్టులు. అసలు గుణం తెలిసేది ఛార్జి అడుగంటినప్పుడు. 15 శాతం దగ్గర ఒకసారి గట్టిగా యాక్సిలరేటర్ తొక్కుతూ పక్కన కూర్చున్న స్నేహితుడిని యాప్ చూడమన్నాను. 71వ జంట ఒక్కటి మిగతావాటి కంటే కాస్త ఎక్కువగా కుంగి, కాలు తీయగానే లేచింది. ప్రమాదకరం కాదు కానీ దాన్ని కనిపెట్టి ఉండాలి.

మొదటి నెల: కేబుల్

కారుతో వచ్చిన కేబుల్ జపాన్ ఇళ్లలోని 200 వోల్టుల ప్లగ్గుకు తగ్గట్టు చేసింది. దాని పిన్నులు వేరు, ఎర్త్ ఏర్పాటు వేరు. అడాప్టర్ పెట్టి వాడేవాళ్లను చూశాను. రాత్రంతా, గంటల తరబడి, నిండు లోడుతో పనిచేసే వస్తువు విషయంలో నాకు అంత ధైర్యం లేదు. కారు ఛార్జింగ్ రంధ్రానికి సరిపోయే టైప్ 1 గన్ (కనెక్టర్) ఉన్న కేబుల్ కొన్నాను, ఆంపియర్లు తగ్గించే బటన్‌తో. 230 వోల్టులు, 10 ఆంపియర్లు అంటే 2.3 కిలోవాట్లు, 15 నుంచి నూటికి దాదాపు ఏడు గంటలు పడుతుంది. పొడిగింపు తీగ వాడను. మొదటి వారం అరగంటకోసారి ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే సాకెట్ మార్చాలి. నాది మార్చాల్సి వచ్చింది, లోపల వైరు స్క్రూ వదులు.

ఈ కారులోపలి ఛార్జర్ తీసుకునేది 3 కిలోవాట్ల చిల్లర మాత్రమే. 7 కిలోవాట్ల గోడ ఛార్జర్ బిగించినా అంతకు మించి ఎక్కదు. పక్కనున్న పెద్ద రంధ్రం చాడెమో, వేగవంతమైన ఛార్జింగ్ కోసం. ఆ పేరులో "టీ అయినా తాగుదామా" అని అర్థం వచ్చే జపనీస్ మాట దాగి ఉంది. ఈ బ్యాటరీని చల్లబరిచే ద్రవమో ఫ్యానో ఏదీ లేదు. వేడి దానంతట అది ఆరాల్సిందే. ఒకే రోజు రెండుసార్లు వేగంగా ఎక్కిస్తే మీటరు మీది ఉష్ణోగ్రత గీతలు ఎంత ఎగబాకుతాయో చూశాక, టీ ఒక్కసారికే పరిమితం చేశాను.

రేడియో: జపాన్ ఎఫ్‌ఎం 76 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, నా సెట్ 90 దగ్గర ఆగిపోతుంది. యాంటెన్నా వైరు మధ్యలో చిన్న ఎక్స్‌పాండర్ పెట్టాను. అది 14 దించుతుంది, 98 కావాలంటే 84 నొక్కాలి. తీసివేతలు మళ్లీ బాగా వస్తున్నాయి.

మూడో నెల: చిన్న బ్యాటరీ

రెండు వారాలు ఊళ్లో లేను. తిరిగి వచ్చి బటన్ నొక్కితే మీటరు మీద ఉన్న హెచ్చరిక దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. బ్రేకు, స్టీరింగ్, మోటారు, అన్నీ. గుండె జారింది. పెద్ద బ్యాటరీ పోయిందనే అనుకున్నాను.

పోయింది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. మల్టీమీటరు పెడితే 11.7 చూపించింది. నిండు ఛార్జితో ఆరోగ్యంగా ఉన్నది 12.6 చూపించాలి. పెద్ద బ్యాటరీని మేల్కొలిపే రిలేలు (విద్యుత్ స్విచ్‌లు), కంప్యూటర్లు అన్నీ ఈ చిన్నదాని మీదే ఆధారం. ఏనుగును లేపడానికి చీమ కావాలన్నమాట. దాన్ని పీల్చేసిన దొంగ కూడా దొరికాడు: నేనే పోర్టులో వదిలేసిన డాంగిల్. ఇప్పుడు పని కాగానే తీసి జేబులో వేసుకుంటున్నాను.

కొత్తది కొనేటప్పుడు పాతదాని మీది కోడ్ చదివాను, 46బీ24. చివరి 24 అంటే పొడవు సుమారు 24 సెంటీమీటర్లు. ఆ తర్వాత వచ్చే ఎల్ లేదా ఆర్ అక్షరం టెర్మినళ్లు ఏ పక్కన ఉన్నాయో చెబుతుంది. అది తప్పితే తీగ అందదు. కారు ఆపి, తలుపులు మూసి, కొన్ని నిమిషాలు ఆగి, ముందు నెగటివ్ విప్పాను. పావుగంట పని. దీపాలన్నీ మాయం. ఈ కారు విచిత్రమైన తప్పులు చూపిస్తే ఇక ముందు మల్టీమీటరే తీస్తాను.

నాలుగో నెల: సర్వీసు (63,900 కిలోమీటర్లు)

ఇంజిన్ ఆయిల్ లేదు, ప్లగ్గులు లేవు, టైమింగ్ బెల్టు లేదు. మిగిలినవాటిలో నేను ముట్టుకున్నవి ఇవి.

గేర్ ఆయిల్: మోటారు పక్కనుండే రిడక్షన్ గేరులో లీటరు పైచిలుకు పడుతుంది, నిస్సాన్ మ్యాటిక్ ఎస్ రకం. ముందుగా నూనె పోసే పై మూత వదులైందని నిర్ధారించుకున్నాకే కింది మూత విప్పాలి. కిందిది తీసి నూనంతా కార్చాక పైది బిగుసుకుపోయి రాకపోతే బండి అక్కడే కదలకుండా ఉండిపోతుంది. పాత నూనె ముదురు బూడిద రంగులో వచ్చింది. బండి సమతలంగా ఉంచి, పై రంధ్రం నుంచి పొర్లేదాకా పోశాను.

బ్రేకులు: మోటారే వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి ప్యాడ్లు అరగవు. అరగకపోవడమే ఇక్కడి సమస్య, వాడనిది తుప్పు పడుతుంది. వెనక కుడి కాలిపర్ (ప్యాడ్లను నొక్కే భాగం) పిన్ను గట్టిగా పట్టేసింది. శుభ్రం చేసి, బ్రేకులకు వాడే గ్రీజు పూశాను. బ్రేక్ ఫ్లూయిడ్ మాత్రం మెకానిక్ చేత మార్పించాను. బ్రేకుకు విద్యుత్ సహాయం ఉన్న కారులో బ్రేకు పైపుల్లోంచి గాలి తీయడం నా చేతికి అలవాటు లేని పని.

టైర్లు: 205/55, 16 అంగుళాలు. తలుపు స్తంభం మీది స్టిక్కర్‌లో 250 కిలోపాస్కల్ అని ఉంది, అంటే 36 పీఎస్ఐ. వచ్చినప్పుడు నాలుగింటిలోనూ 29 దాటలేదు. నింపాక తెర మీద యూనిట్‌కు వచ్చే కిలోమీటర్లు 6.3 నుంచి 6.8కి పెరిగాయి. ఖర్చు లేని సర్వీసు ఇదొక్కటే.

నారింజ రంగు తీగలు, వాటికి తగిలిన పెట్టెలు: ముట్టుకోలేదు, ముట్టుకోను. మూడు వందల అరవై వోల్టులకు నా ఆసక్తితో సంబంధం లేదు.

ఎనిమిదో నెల (66,200 కిలోమీటర్లు)

మళ్లీ అదే కొలత, 15 నుంచి నూటికి: 15.6 యూనిట్లు. యాప్ 75.2 శాతం అంటోంది. చలి రోజుల్లో అంకె కొంచెం అటూ ఇటూ ఆడింది కాబట్టి దీన్ని అరుగుదల అని ఇప్పుడే అనను. నిండు ఛార్జికి మీటరు 130 కిలోమీటర్లు వాగ్దానం చేస్తుంది, నేను వంద లెక్కేసుకుంటాను. చలిలో హీటరు వేస్తే 85. సీటు వేడి ఒక్కటే పెట్టుకుంటే 95 దాకా లాగవచ్చు; వెనక కూర్చునేవాళ్లు మాత్రం ఈ లెక్కను ఒప్పుకోరు.

71వ జంట తేడా అడుగున 38 నుంచి 41 మిల్లీవోల్టులకు పెరిగింది. 70,000 దగ్గర మళ్లీ చూడాలి.

మిగిలిన పని: గుంతల్లో ఎడమ ముందు చక్రం దగ్గర టక్కుమనే చప్పుడు. సస్పెన్షన్‌లోని స్టెబిలైజర్ లింక్ రబ్బరు చిరిగింది. కొత్త లింకు కొన్నాను, నట్టు తుప్పుపట్టి తిరగడం లేదు. రాత్రి తుప్పు వదిలించే నూనె కొట్టి వచ్చాను.