పొట్టలో చుక్క

"మేడం, ఆ పుస్తకం లేదని చూపిస్తోంది. కానీ అదిగో, మీ వెనక బీరువాలోనే ఉంది!"

తిరిగి చూశాను. నిజంగానే ఉంది, నేనే సర్దిన వరుసలో. గ్రూప్స్‌కు చదువుకునే అమ్మాయి ముందు పరువు పోయింది.

కంప్యూటర్ తెర మీదకు వంగి చూస్తే విషయం తెలిసింది. ఆమె కొట్టింది 'గ్రంధాలయం'. నేను ఎక్కించింది 'గ్రంథాలయం'. ధ పొట్టలో చుక్క పెడితే థ. ఆ చుక్క దగ్గరే కంప్యూటర్ మొండికేసింది.

కోహా నేర్చుకోవడం మొదలుపెట్టి మూడు వారాలైంది. న్యూజిలాండ్‌లో పుట్టి 2000లో వాడుకలోకి వచ్చిన, లైబ్రరీ పుస్తకాల జాబితా నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. మావోరీ భాషలో ఆ మాటకు కానుక అని అర్థమట. కానుకే, కాదనను. కానీ పుస్తకాలను విషయాల వారీగా సర్దే డ్యూయీ అంకెల్లో తెలుగు సాహిత్యం 894.827 అని నిద్రలో లేపి అడిగినా చెప్పే నన్ను ఇది ఒకటో తరగతిలో కూర్చోబెట్టింది.

పుస్తకాల పేర్లు రాసిన కార్డుల సొరుగు ఉన్న రోజుల్లో వేళ్లు నాలుగు కార్డులు అటూ ఇటూ తిప్పితే కావలసింది దొరికేది. తప్పు రాసినా పక్కనే ఉండేది.

మధ్యాహ్నం టీ కూడా మానేసి కోహాలో ఆ పుస్తకం వివరాల్లోని 246వ ఫీల్డులో రెండో రూపం చేర్చాను. శీర్షికకు ఇంకో రూపం ఉంటే రాసుకునే చోటు అదే. అప్పుడు గుర్తొచ్చింది: వరంగల్, వరంగల్లు, ఓరుగల్లు. ఒక్క మన ఊరికే మూడు!

హన్మకొండ బస్సు వెళ్లిపోయింది. నేనింకా ఓరుగల్లు దగ్గరే ఉన్నాను.