రొయ్యపొట్టు లేని వంకాయ

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున్న ఏడింటికి సంచి పట్టుకుని చికెన్ షాపుకి వెళ్ళాను. నేను మాంసం మానేసి ఇది నాలుగో నెల. ఇంట్లో మిగతావాళ్ళు మానలేదు, మానమని నేను అడగనూ లేదు. "మీరెందుకు వెళ్ళడం, ఫోన్ చేస్తే వాళ్ళే పంపిస్తారు కదా" అంది మా ఆవిడ మొదట్లో. నాకు అది నచ్చలేదు. పిల్లలు తింటున్నారు, తెచ్చిపెట్టాల్సింది నేను. నా అలవాటు మారిందని ఆ పని ఇంకొకరి మీదకి తోయడం ఎందుకు?

కోసిన కోడిని అక్కడ నీలం రంగు డ్రమ్ములో వేస్తారు. కాసేపు లోపల కొట్టుకుంటుంది. చిన్నప్పటి నుంచీ వింటున్న చప్పుడే అది. కిందటి ఆశ్వయుజంలో ఒక ఆదివారం ఎందుకో అది ఆగేదాకా వింటూ ఉండిపోయాను. ఆ రోజు కూర తిన్నాను కూడా. తర్వాత కార్తీకం వచ్చింది. ఆ నెలంతా మా ఇంట్లో ఎవరం మాంసం, చేప ముట్టం. పోలి పాడ్యమి వెళ్ళిపోయాక అందరూ మళ్ళీ మొదలుపెట్టారు. నాకు చెయ్యి వెళ్ళలేదు. ఫలానా రోజు నుంచి మానేస్తున్నానని ఎవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా చెప్పుకోలేదు. గుడ్డు మానడానికి మాత్రం ఇంకో నెల పట్టింది. రాత్రి ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చినప్పుడు ఆమ్లెట్ వేసుకోవడం అంత అలవాటు.

మానేశాక తెలిసిన సంగతి ఏంటంటే, మా గోదావరి ఇళ్ళల్లో కూరగాయ కూడా సగం కూరగాయ కాదు. వంకాయ అంటే వంకాయ ఎండురొయ్యలు. ఆనపకాయలో రొయ్యపొట్టు. గోంగూరలో పచ్చిరొయ్యలు. వేసవి మొదట్లో చింతచిగురు వస్తే అందులోకి చిన్న చేపలో రొయ్యలో ఉండాల్సిందే. అమ్మకి డెబ్బై రెండేళ్ళు. వంకాయ తరుగుతూ ఉండగానే ఆవిడ ఎడంచెయ్యి రొయ్యపొట్టు డబ్బా కోసం వెళ్తుంది. మార్గశిరంలో ఒక రోజు అలాగే మూత తీసి, గుర్తొచ్చి, మళ్ళీ పెట్టేసింది. ఆ రోజు వంకాయలో ఉల్లిపాయ, అల్లం, పచ్చిమిర్చి వేసి వండింది. తను ముందు రుచి చూసి "ఏదో తక్కువైందిరా" అంది. నిజంగానే తక్కువైంది. బాగుందని అబద్ధం చెప్పాను. ఆవిడ నమ్మలేదు. నాలుగు రోజులు పోయాక వేయించిన నువ్వులపొడి, కొంచెం ఎండుకొబ్బరి వేసి మళ్ళీ వండింది. ఈసారి నేను బాగుందన్నది అబద్ధం కాదు.

"వర్షాకాలంలో పులస వస్తది కదా, అప్పుడు చూద్దాంలే నీ పట్టుదల" అంటుంది అప్పుడప్పుడూ. పుస్తెలమ్మైనా పులస తినాలనే ఊళ్ళో పుట్టినవాణ్ణి. అమ్మ వండే పులస పులుసు మర్నాటికి ఎలా ఉంటుందో తలుచుకుంటే ఇప్పుడు కూడా నోరూరుతుంది. ఆ మాట దాచుకోను.

మొదటి నెల తిండి సరిగ్గా లేదు. మాంసం తీసేసి ఆ చోటు అన్నంతోనే నింపేశాను. బంగాళాదుంప వేపుడు, ఆవకాయ, అప్పడాలు, మరి రెండు ముద్దల అన్నం. పదకొండింటికల్లా ఆకలి, సాయంత్రానికి నీరసం. నీరసమంతా మాంసం మానడం వల్లేనని బంధువులంతా తేల్చేశారు. అప్పుడు కూర్చుని లెక్క వేసుకున్నాను. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. నా 66 కిలోలకి 55 గ్రాములు. వంద గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల దాకా ఉంటుంది, కానీ అది పచ్చి పప్పు లెక్క. ఉడికాక గరిటెడు పప్పులో చాలావరకు నీళ్ళే. రోజూ పప్పు తింటున్నాంగా అనుకుని నిశ్చింతగా ఉన్నవాణ్ణి, ఆ లెక్క చూసి కంగారుపడ్డాను.

ఇప్పుడు పొద్దున్న ఇడ్లీ బదులు వారంలో నాలుగు రోజులు పెసరట్టే. ఆఫీసుకి గుప్పెడు ఉడికించిన శనగలో వేరుశనగలో పట్టుకెళ్తున్నాను. బొబ్బర్లు, ఉలవలు ఇంట్లోకి మళ్ళీ వచ్చాయి. మీల్‌మేకర్ నాకు పెద్దగా నచ్చదు, కానీ వంద గ్రాములకి 50 గ్రాములు పైనే ప్రోటీన్ ఉందంటే కాదనలేను. భోజనమైన వెంటనే టీ తాగడం మానేశాను, తిండిలోని ఐరన్‌ని అది సరిగ్గా ఒంటబట్టనివ్వదట. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకోమన్నారు డాక్టరుగారు. ఆయన గట్టిగా చెప్పింది మాత్రం బీ12 గురించి. అది మొక్కల్లో దొరకదు, నాలాంటివాళ్ళకి పాలు, పెరుగే దారి. కాలేయంలో నిల్వ ఉంటుంది కాబట్టి లోటు బయటపడడానికి ఏళ్ళు పట్టొచ్చు. ఇప్పుడు బాగున్నానని ఊరుకోకుండా ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకోమన్నారు. చేయించుకుంటాను.

నిజం చెప్పాలంటే తిండి మారడం కంటే జనం మాటలే ఎక్కువ ఇబ్బంది పెట్టాయి. ఆఫీసులో "ఏంటండీ, పంతులుగారైపోయారు" అన్నవాళ్ళున్నారు. అది పర్లేదు. "మంచిపని చేశారు, ఇప్పుడు శుభ్రమైన మనిషయ్యారు" అని ఒకాయన భుజం తట్టాడు. ఆ మాట మధ్యాహ్నమంతా గుచ్చుకుంటూనే ఉంది. పెళ్ళైన కొత్తలో హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతుక్కుంటూ తిరిగాం. ఒక ఇల్లు మా ఆవిడకి బాగా నచ్చింది. అడ్వాన్సు చేతిలో పట్టుకుని నిలబడ్డాక ఇల్లుగలావిడ "మీరు నాన్‌వెజ్జా?" అని అడిగింది. అబద్ధం చెప్పలేకపోయాం. గేటు దగ్గర్నుంచే పంపేసింది. మా ఆవిడ ఆటోలో ఇల్లు చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఈ రోజు నేను ఒక్కణ్ణే వెళ్తే ఆ ఇల్లు నాకు ఇస్తారు. మా అమ్మకి, మా ఆవిడకి, నా పిల్లలకి ఇవ్వరు. అలాంటి శుభ్రం నాకొద్దు. మా వైపు మాంసాన్ని, చేపని కలిపి నీచు అంటారు. ఇన్నాళ్ళూ ఆలోచించకుండా నేనూ అన్నాను. ఇప్పుడు ఆ మాట నా నోట రావడం లేదు. కోడి చప్పుడు నేను వినలేకపోయాను, అంతే. అందులో ఇంకొకరి కంచం మీద తీర్పేమీ లేదు.

మధ్యాహ్నం గారెలు, కోడికూర. మసాలా వేగుతున్న వాసనకి పెరట్లోకి వెళ్ళి చిక్కుడుపాదు దగ్గర కాసేపు నిలబడ్డాను. రథసప్తమి వెళ్ళినా ఇంకా కాస్తూనే ఉంది. దోసెడు చిక్కుళ్ళు కోసుకుని వచ్చేసరికి అమ్మ పనసపొట్టు కూర తిరగమోత వేస్తోంది. ఎదురింటి మామ్మగారిని అడిగి నేర్చుకుందట. పెళ్ళిభోజనాల్లో తినడమే కానీ అమ్మ తన చేత్తో ఎప్పుడూ వండలేదు. బజార్లో పొట్టు కొట్టించుకొచ్చి, పసుపు వేసి ఉడికించి, నీళ్ళు పిండేసి, చింతపండు రసంతో మగ్గించింది. "ఆవ స్టవ్ మీద ఉండగా వెయ్యకూడదంట. చేదొస్తదంట. చల్లారాక వెయ్యాలంట" అని నాకు చెబుతూనే మా ఆవిడకి కూడా చెప్పింది. జీడిపప్పు కొంచెం ఎక్కువే వేసింది.

అందరం ఒకేసారి కూర్చున్నాం. మా అబ్బాయి తన కోడికూర పక్కన పెట్టి పనసపొట్టు రెండుసార్లు వడ్డించుకున్నాడు. ఆవ ఘాటుకి వాడి కళ్ళమ్మట నీళ్ళు. అమ్మ నా కంచం వైపు చూస్తూనే ఉంది. ఈసారి నేను ఏమీ చెప్పకముందే "కుదిరింది కదరా" అంది.

ఇందాక మంచినీళ్ళకి వంటింట్లోకి వెళ్తే గిన్నె మీద మూత పెట్టి, మూత మీద పప్పుగుత్తి బరువు పెట్టి ఉంది. గదిలోంచి అమ్మ కేకేసింది. "మూత తియ్యకు. రాత్రంతా ఊరితే రేపు ఇంకా బాగుంటది. నీ క్యారేజీలోకి ఉంచాను."