ఉదయగిరి గరిటె

ఎండ ముదరక ముందే కొండెక్కి కోట చూసి దిగేద్దామని నేనూ మా బావమరిదీ నెల్లూరులో తెల్లవారుజామునే బస్సెక్కాం. ఆత్మకూరు మీదుగా దాదాపు వంద కిలోమీటర్లు. ఉదయగిరిలో దిగేసరికి తొమ్మిది దాటింది.

కొండ ఎత్తు మూడు వేల అడుగుల పైమాటే. గజపతుల నుంచి ఈ కోటను గెలుచుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలు దాదాపు ఏడాదిన్నర ముట్టడి సాగించాడనీ, 1514లో గెలిచి, ఇక్కడి బాలకృష్ణుణ్ణి హంపికి తీసుకెళ్లి గుడి కట్టించాడనీ ఎక్కుతున్నంతసేపూ నేను వాడికి కథ చెబుతూనే ఉన్నాను. గంటన్నర గడిచింది. కూలిన గోడ నీడ కనబడగానే వాడు చతికిలబడి, "ఇక్కడి నుంచే అంతా కనబడుతోంది కదా బావా" అన్నాడు. నాకు కావలసిన మాట కూడా అదే. రాయలవారి ఓపిక కథల్లోనే బాగుంటుంది.

కిందికి దిగాక, వచ్చినందుకు ఏదో ఒకటి తీసుకెళ్దామని కొయ్య గరిటెలు చేసేవాళ్ల ఇంటికి వెళ్లాం. ఉదయగిరి పేరు చెప్పగానే గుర్తొచ్చేది ఈ పనే. నర్ది, బిక్కి వంటి అడవి కర్రలతో చెంచాలు, ఫోర్కులు, అట్లకాడలు చెక్కుతారు. వాకిట్లో అంతా పొట్టు. పెద్దావిడ ఒకామె గోడకు ఆనుకుని పని చేసుకుంటోంది. ఒక గరిటె ఎంచుకుని డబ్బులిచ్చాను. ఆమె డబ్బు పక్కన పెట్టి గరిటె మాత్రం తిరిగి తీసుకుంది. కాడ గిన్నెలో కలిసే మూలలో బొటనవేలు పెట్టి, కళ్లు మూసుకుని, అటూ ఇటూ రాసింది.

"నున్నగానే ఉంది కదమ్మా, మాకు బస్సుకు వేళవుతోంది" అన్నాను.

"ఇప్పుడు నున్నగానే ఉంటుంది బాబూ. తడి తగిలితే పీచు లేస్తుంది."

చెంబులో వేళ్లు ముంచి ఆ మూలను తడిపింది. ఎండలో పెట్టింది. ఆరాక నా చేతికిచ్చింది. నిజమే, పసిబిడ్డ నూగులా ఏదో వేలికి తగిలింది. ఉప్పుకాగితం ముక్కను మడిచి రుద్దింది, మళ్లీ తడిపింది, మళ్లీ ఆరబెట్టింది. మొత్తం ఇరవై నిమిషాలు. అందుకు ఒక్క రూపాయీ ఎక్కువ అడగలేదు.

బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సుకు రెండు గంటలు ఆగాలన్నారు. టీ కొట్టు బల్ల మీద కూర్చుంటే ఎదురుగా కొండ, మేము ఆగిపోయిన గోడ, దానిపైన మేము చూడని కోటంతా స్పష్టంగా కనబడుతున్నాయి.

"ఈ రెండు గంటలు పొద్దునే ఓపిక పట్టి ఉంటే పైదాకా వెళ్లొచ్చేవాళ్లం బావా" అన్నాడు వాడు.

నేనేమీ అనలేదు. సంచిలో చెయ్యి పెట్టి ఆ గరిటె మూలనే బొటనవేలితో తడుముతూ కూర్చున్నాను.