వేగాస్‌లో ఏడున్నరకి నలుగురికి టేబుల్

హాస్టల్లో ఒకే గదిలో నాలుగేళ్ళు ఉన్న మేం నలుగురం నలభై దాటాక మొన్న సెప్టెంబర్‌లో లాస్ వేగాస్ వెళ్ళి మూడు రాత్రులు ఉండి వచ్చాం. వచ్చినప్పటి నుంచి తెలిసినవాళ్ళందరూ ఏ హోటల్, ఎంతయింది, ఏం తిన్నారు అని అడుగుతూనే ఉన్నారు, ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నాను. అయితే నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఒక్కటే. అక్కడికి స్నేహితులతో వెళ్తుంటే రోజూ ఒక పూట అందరూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని తినేలా బయల్దేరకముందే ఖాయం చేసుకోండి. మిగతాదంతా ఎలాగోలా జరిగిపోతుంది.

ఎందుకంటే ఆ హోటళ్ళ కట్టుబడే మనుషుల్ని చెల్లాచెదురు చేసేలా ఉంటుంది. లిఫ్ట్ దిగితే ఎదురుగా కాసినో, రోడ్డు మీదకి వెళ్ళాలంటే దాని మధ్యలోంచే దారి, కాఫీ కోసం వెళ్ళినా అదే దారి. గోడ మీద గడియారం కనపడదు, కిటికీ ఉండదు, బయట మధ్యాహ్నమో అర్ధరాత్రో తెలియదు. మొదటి సాయంత్రం ఒకర్తి స్లాట్ మెషీన్ దగ్గర ఆగిపోయింది, ఇంకొకర్తి హ్యాండ్‌బ్యాగుల షాపులోకి వెళ్ళింది, మూడోదానికి సిగరెట్ పొగ పడక పైకి వెళ్ళిపోయింది (అక్కడి కాసినోల్లో లోపలే పొగ తాగనిస్తారు, పడనివాళ్ళు పార్క్ ఎంజీఎం అనే హోటల్ చూడండి, అక్కడ కాసినోలో కూడా పొగ తాగనివ్వరు). "ఎక్కడున్నావే?" "మెషీన్ల దగ్గర." "ఏ మెషీన్ల దగ్గర?" గ్రూపులో ఆ రాత్రి మెసేజులన్నీ ఇవే. ఇన్నేళ్ళకి కలిసి, నాలుగు గంటల్లో నలుగురం ఒకచోట ఉన్నది ఇరవై నిమిషాలు కూడా లేదు.

గదుల సంగతి ముందు చెప్పేస్తాను. మధ్యలో తలుపున్న రెండు గదులు పక్కపక్కనే తీసుకున్నాం, అది మాత్రం చాలా మంచి పని. బుకింగ్‌లో అడిగినంత మాత్రాన ఇస్తారన్న గ్యారంటీ లేదు కాబట్టి రెండు రోజుల ముందు ఫోన్ చేసి మళ్ళీ చెప్పాను. శుక్ర, శనివారాలు వదిలేసి ఆదివారం నుంచి బుధవారం దాకా ఉంటే రేటు బాగా తగ్గుతుంది, పెద్ద కాన్ఫరెన్సులున్న వారమైతే ఈ లెక్క పనిచేయదు. రిసార్ట్ ఫీజు అని రోజుకి ఇంత అని అదనంగా వేస్తారు, వైఫైకీ జిమ్‌కీ అంటారు, మీరు వాడినా వాడకపోయినా కట్టాల్సిందే. 2025 మే నుంచి అమెరికాలో ఆ ఫీజుని మొదట చూపించే రేటులోనే కలిపి చూపించాలన్న రూల్ వచ్చింది, అది చాలా మేలు, అంతకుముందు చివరి పేజీలో గుండె గుభేలుమనేది. చెకిన్ అప్పుడు కార్డు మీద డిపాజిట్‌లాగా కొంత పట్టి ఉంచుతారు, అది తిరిగి విడుదల కావడానికి రోజులు పడుతుంది. డెబిట్ కార్డు ఇస్తే మన ఖాతాలో సొమ్మే అన్నాళ్ళూ ఇరుక్కుంటుంది, అందుకే రెండు గదులూ నా క్రెడిట్ కార్డు మీద పెట్టాను.

మేం దిగిన హోటల్ పేరు చెప్పను, బిల్లు దగ్గర చిన్న తగవయింది. మాలో ఒకర్తి ఫ్రిజ్‌లో పెట్టాల్సిన మందు వాడుతుంది. గదిలో ఉన్న మినీబార్‌లో రెండు డబ్బాలు పక్కకి జరిపి మందు పెట్టింది, అంతే, వాటి కింద సెన్సర్ ఉంటుందని, కదిపితే బిల్లులో పడుతుందని మాకెవరూ చెప్పలేదు. చివరి రోజు బిల్లులో మేం తాగని డ్రింకులు, తినని బాదంపప్పు డబ్బా. కౌంటర్ దగ్గర ఇరవై నిమిషాలు నిలబడి అన్నీ తీయించాను. మందుల కోసమని అడిగితే వేరే చిన్న ఫ్రిజ్ గదికి పంపిస్తారు, ముందే అడగండి. బిల్లు రాత్రే ఫోన్‌లో చూసుకోండి, పొద్దున్న ఫ్లైట్ టెన్షన్‌లో చూడటం కుదరదు.

ఇక మొదటి రాత్రి. పదింటికి అందరం మళ్ళీ కలిశాక, కింద స్టీక్ రెస్టారెంట్‌కి వెళ్దామని ఇద్దరు అంటే, మూడోది "నాకు ఆకలి లేదే, మీరు వెళ్ళి రండి, నేను పడుకుంటా" అంది. ఆకలి లేకపోవడమేంటి, పొద్దున్న ఫ్లైట్‌లో ఒక సాండ్‌విచ్ తిన్న మనిషి. చెప్పులు విప్పకుండా మంచం అంచున కూర్చుని ఫోన్‌లో ఏదో చూస్తోంది. నీళ్ళ బాటిల్ ఇద్దామని దగ్గరికి వెళ్తే కనపడింది, అది చూస్తున్నది ఆ రెస్టారెంట్ మెనూ. కుడివైపు ధరల మీద వేలు పెట్టి కిందకి జరుపుతోంది. దాని ఉద్యోగం పోయి అప్పటికి అయిదు నెలలు. మాకు తెలుసు, తెలిసీ ప్లాన్ వేసేటప్పుడు ఒక్కరం కూడా ఎంత ఖర్చు పెట్టగలవని అడగలేదు. అడిగితే చిన్నబుచ్చుకుంటుందేమో అనుకున్నాం, అడగకపోవడం వల్లే ఆ రాత్రి అది మెనూ చూసి ఆకలి చంపుకోబోయింది. నేను కూడా వెళ్ళనన్నాను. అందరం గదిలోనే నేల మీద కూర్చుని, కింద కాఫీ షాపు నుంచి తెచ్చుకున్నవి తిన్నాం. అప్పుడు మాట్లాడుకున్నాం, కాస్త ఏడుపులూ అయ్యాయి. చివరికి తేల్చుకున్నది: ఒక్క పెద్ద భోజనం, దానికి ఎంతవుతుందో ముందే లెక్క, మిగతా పూటలు మామూలుగా, ఎక్కడైనా సరే ఏడున్నరకి నలుగురం ఒకేచోట.

ఆ పెద్ద భోజనం రెండోరోజు బెల్లాజియో హోటల్లో, స్పాగో అనే రెస్టారెంట్‌లో. దీనికో చరిత్ర ఉంది, నాకు ఇష్టమైన చరిత్ర. ఒకప్పుడు వేగాస్‌లో తిండి అంటే జూదగాళ్ళు బయటికి పోకుండా చవగ్గా పెట్టే బఫే. 1992లో వుల్ఫ్‌గ్యాంగ్ పక్ అనే షెఫ్ సీజర్స్ ప్యాలెస్ హోటల్ పక్కన ఫోరం షాప్స్ అనే మాల్‌లో స్పాగో తెరిచాడు, ఆ తర్వాతే పేరున్న షెఫ్‌లు ఒక్కొక్కరే అక్కడికి రావడం మొదలైంది. అదే 2018లో బెల్లాజియోకి మారింది. ఇప్పుడు స్ట్రిప్ అనే ఆ ప్రధాన వీధిలోని పెద్ద హోటళ్ళకి జూదం కంటే గదులు, భోజనాలు, షోల మీదే ఎక్కువ రాబడి. అంటే ఒక్క రూపాయి ఆడకపోయినా మనం అక్కడ పరాయివాళ్ళం కాదు, మొహమాటపడక్కర్లేదు.

వరండాలో టేబుల్ కావాలని మూడు వారాల ముందే అడిగి పెట్టుకున్నాం. వెళ్తూ లాబీ కప్పు మీద గాజు శిల్పి డేల్ చిహులీ చేసిన గాజు పూలు, దాదాపు 2,000, తల పైకెత్తి మెడ నొప్పి పుట్టేదాకా చూశాం. బయట 8.5 ఎకరాల కొలను. చీకటి పడ్డాక పావుగంటకోసారి ఫౌంటెన్లు లేస్తాయి, 460 అడుగుల దాకా. దూరం నుంచి వీడియోల్లో చూడటం వేరు. మేం కూర్చున్నచోట నీళ్ళు పైకి తన్నినప్పుడు తుపాకీ పేలినట్టు చప్పుడు ముందు వస్తుంది, తర్వాత గాలి మారి సన్నటి తుంపర చేతుల మీద పడుతుంది. మాలో శాకాహారికి బుకింగ్‌లోనే చెప్పి ఉంచడం వల్ల వెయిటరే వచ్చి ఏవి తినొచ్చో ఒక్కొక్కటీ చూపించాడు. నాలుగు ప్లేట్లూ మధ్యలో పెట్టుకుని, హాస్టల్లోలాగే ఒకరి ప్లేట్‌లోంచి ఒకరం తిన్నాం. రెండున్నర గంటలు. ఫౌంటెన్లు ఎన్నిసార్లు లేచాయో లెక్కపెట్టడం మధ్యలో మానేశాం. మెనూ ధర మీద 8 శాతం పైన పన్ను, దాని మీద 20 శాతం టిప్పు కలిపి ముందే లెక్క వేసుకున్నాం కాబట్టి బిల్లు వచ్చినప్పుడు ఎవరి మొహమూ మారలేదు. అది నాకు ఆ ఫౌంటెన్ల కంటే ఎక్కువ హాయినిచ్చింది.

జూదం గురించి రెండు ముక్కలు. తలా వంద డాలర్లు కవర్లో, అయిపోతే అయిపోయినట్టే, కార్డులు గది లాకర్లో. బ్లాక్‌జాక్ అనే పేకాట ఆడేవాళ్ళు టేబుల్ మీద రాసింది చదవండి: 3:2 అని ఉంటే పది డాలర్ల పందేనికి బ్లాక్‌జాక్ (మొదటి రెండు ముక్కల్లోనే 21) పడినప్పుడు పదిహేను వస్తాయి, 6:5 అని ఉంటే పన్నెండే. చాలాచోట్ల రెండోదే ఉంటోంది. నేను నలభై నిమిషాల్లో కవరు ఖాళీ చేసుకుని బెల్లాజియో పూలతోట చూడటానికి వెళ్ళాను, అది ఏడాదికి అయిదుసార్లు మొత్తం మార్చి కొత్తగా వేస్తారు, చూడటానికి డబ్బు తీసుకోరు.

మూడోరోజు రాత్రి ఎక్కడ తినాలన్నది ఉద్యోగం లేని ఆ పిల్లే చెప్పింది. "నేను తీసుకెళ్తా, ఎక్కడికని అడక్కండి." కాస్మోపాలిటన్ హోటల్లో మూడో అంతస్తుకి ఎక్కించింది. పెద్ద పెద్ద రెస్టారెంట్ల మధ్యలో బోర్డు లేని ఒక సన్నటి సందు, గోడల నిండా పాత రికార్డుల అట్టలు, దాని చివర పిజ్జా ముక్కలు అమ్మే చిన్న కౌంటర్. స్టూళ్ళన్నీ నిండి ఉన్నాయి. గోడకి ఆనుకుని, కాగితం ప్లేట్లు పట్టుకుని నిలబడ్డాం. ఆ పక్క షాపింగ్ సంచులతో ఇద్దరు అమ్మాయిలు, ఈ పక్క టై వదులు చేసుకున్న పెద్దాయన.

నేను పర్స్ తీయబోతే చెయ్యి పట్టుకుంది. "ఇది నాది" అంది. నలుగురికీ రెండేసి ముక్కలు, డ్రింకులు, అన్నిటికీ డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, చిల్లర టిప్పు డబ్బాలో వేసింది. మేం ఎవ్వరం వద్దనలేదు. "ఇంకో ముక్క తింటావా?" అని నన్నే అడిగింది. తింటానన్నాను.