గుద్దిన బండికి ఇన్సూరెన్స్ లేకపోతే

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు దింపి ఖాళీగా వస్తున్న ట్రాలీ ఒకటి ములుగు రోడ్డు మీద మీ కారును పక్క నుంచి ఒరుసుకుంటూ పోయి ఆగింది అనుకుందాం. డ్రైవర్ దిగి ముందుగా అనే మాట "చూస్కోలేదన్నా". ఆ వెంటనే "ఇన్సూరెన్స్ అయిపోయిందన్నా, కేసు వద్దు, మాట్లాడుకుందాం". నలుగురు పెద్దమనుషులు చేరతారు, పదివేల దగ్గర బేరం మొదలవుతుంది.

బేరానికి ముందు, లేదన్న ఇన్సూరెన్స్ నిజంగానే లేదా అన్నది చూడాలి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే పాలసీ గడువు కనిపిస్తుంది. తేదీ, టైము పడేలా స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. చాలామందికి తమ పాలసీ సంగతి తమకే తెలియదు. 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త టూవీలర్‌కు 5 ఏళ్లు, కొత్త కారుకు 3 ఏళ్లు థర్డ్ పార్టీ, అంటే ఆ బండి వల్ల బయటివాళ్లకు జరిగే నష్టానికి ఇన్సూరెన్స్, ఒకేసారి కట్టించుకుంటున్నారు. సొంత డ్యామేజీ పాలసీ మాత్రం చాలా బండ్లకు ఏడాదికే అయిపోతుంది. అది అయిపోగానే "ఇన్సూరెన్స్ లేదు" అనుకునేవాళ్లు ఎందరో. మీకు కావాల్సింది ఆ థర్డ్ పార్టీనే. సెకండ్ హ్యాండ్ బండి అయితే పాలసీ పాత ఓనర్ పేరు మీద ఉన్నా బయటివాళ్లకు జరిగిన నష్టానికి పనికొస్తుంది, బండితో పాటే పాలసీ కూడా మారినట్టు చట్టం లెక్కగడుతుంది. ట్రాక్టర్ గుద్దితే ముందున్న ట్రాక్టర్ నంబర్ ప్లేటుతో పాటు వెనక ట్రాలీ నంబరు కూడా ఫొటో తీయాలి, రెండింటి కాగితాలూ వేరు. వాళ్లు పాలసీ కాపీ చూపిస్తే క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి. దొంగ పాలసీలు అంటగట్టే ఏజెంట్లు లేకపోలేదు.

లేదని తేలితే లెక్క మారుతుంది. కంపెనీ ఉన్న చోట ఈరోజు కాకపోతే రేపు డబ్బు వస్తుంది. కంపెనీ లేని చోట మీకు దొరికే ఆస్తి దాదాపు ఒక్కటే, గుద్దిన ఆ బండి. అది స్టేషన్ నుంచి బయటపడితే మీ చేతిలో మిగిలేది తీర్పు కాగితం.

అందుకే దెబ్బ తగిలితే, చిన్నదైనా సరే, 112కు కొట్టి ఫిర్యాదు ఇవ్వండి. ఆస్పత్రిలో ఎంఎల్‌సీ, అంటే పోలీసు కేసుకు పనికొచ్చే వైద్య రికార్డు, రాయించేటప్పుడు జాగ్రత్త. ఎంజీఎం సర్కారు దవాఖానలో అయినా ప్రైవేటులో అయినా తోడొచ్చినవాళ్లు హడావుడిలో "బండి మీంచి పడ్డడు" అంటారు, డ్యూటీ డాక్టర్ అదే రాసేస్తాడు. ఆ ఒక్క ముక్క పట్టుకుని అవతలి వకీలు యాక్సిడెంటే జరగలేదంటాడు. "ఫలానా నంబరు బండి గుద్దింది" అని అదే రోజు రాయించాలి. వైద్యానికి 2025లో వచ్చిన నగదు రహిత చికిత్స పథకం ఉంది. గుద్దిన బండికి ఇన్సూరెన్స్ ఉన్నా లేకపోయినా, పథకంలో ఉన్న ఆస్పత్రిలో 7 రోజుల వరకు, మనిషికి 1.5 లక్షల దాకా వర్తిస్తుంది.

స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ దగ్గరే ఆగొద్దు. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో వివరమైన నివేదిక ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కు పంపాలి. బాధితుడు నింపి ఇవ్వాల్సిన ఫారం 6 ఉంది. అడగకపోతే చాలా చోట్ల దాని ఊసే ఎత్తరు, మీరే అడిగి నింపండి. పంచనామాలో, ఎంవీఐ (మోటారు వాహన ఇన్‌స్పెక్టర్) తనిఖీ రిపోర్టులో "ఇన్సూరెన్స్ లేదు" అన్న మాట ఉందో లేదో చూసుకోండి. ఇన్సూరెన్స్ లేకుండా నడిపితే మొదటిసారి 2,000 జరిమానా లేదా 3 నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆ జరిమానాలో మీకు పైసా రాదు. ఆ సెక్షన్ కేసులో చేరితే మాత్రం మీ వాదనకు బలం.

ఇక బండి విడుదల. ఓనర్ మెజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేస్తాడు, మామూలు బాండు మీద రెండు మూడు వారాల్లో ట్రాలీ మళ్లీ రోడ్డెక్కుతుంది. అలా జరగకూడదనే సుప్రీంకోర్టు 2018లో రాష్ట్రాలన్నిటికీ ఒక నిబంధన పెట్టుకోమని చెప్పింది. ఇన్సూరెన్స్ లేని బండి యాక్సిడెంట్ చేస్తే, పరిహారానికి సరిపడా సెక్యూరిటీ కట్టనిదే వదలకూడదు. 3 నెలల్లో కట్టకపోతే బండిని వేలం వేసి, ఆ సొమ్మును ట్రిబ్యునల్‌లో జమ చేయాలి. దీన్ని కోర్టు దృష్టికి ఎవరో ఒకరు తేవాలి కదా. మీ వకీలు ద్వారా అదే మెజిస్ట్రేట్ కోర్టులో ఒక మెమో వేయండి. క్లెయిమ్ వేయబోతున్నామని, వైద్యం ఖర్చు ఇంతైందని, సెక్యూరిటీ లేకుండా బండి ఇవ్వొద్దని రాసి బిల్లులు జతచేయండి. మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే పనికొచ్చే కాగితం ఇదే. ఎక్కువమంది వేయనిదీ ఇదే.

కారు రిపేరు వేరే ఖాతా. మీకు కాంప్రిహెన్సివ్ పాలసీ (థర్డ్ పార్టీతో పాటు సొంత డ్యామేజీ కూడా ఉన్నది) ఉంటే అవతలివాడి కోసం ఆగకుండా మీ కంపెనీకి వెంటనే చెప్పండి. రేడియేటర్ పగిలి కూలెంట్ కారుతుంటే "షెడ్డు దాకానే కదా" అని స్టార్ట్ చేయొద్దు. ఇంజిన్ సీజ్ అయితే అది యాక్సిడెంట్ నష్టం కాదంటారు. టోయింగ్‌కు మామూలు కారు పాలసీలో 1,500 దాకా ఇస్తారు.

చేతి నుంచి ఎంత పడుతుందో ఒక ఊహా బిల్లుతో చూద్దాం. బంపర్ టు బంపర్ (పార్టుల పాతదనానికి కోత పెట్టని కవర్) లేని ఆరేళ్ల కారు, ఇంజిన్ 1500 సీసీ లోపు. బంపర్ 8,000, హెడ్‌లైట్ 6,000, ఫెండర్ 4,000, అద్దం 7,000, పెయింటింగ్ 12,000. మొత్తం 37,000. ప్లాస్టిక్‌కు సగం కోత కాబట్టి బంపర్‌లో 4,000, లైట్‌లో 3,000 పోతాయి. ఆరేళ్ల లోహానికి 40 శాతం, అంటే ఫెండర్‌లో 1,600. అద్దానికి కోత లేదు. పెయింటింగ్ బిల్లులో పావు వంతును మెటీరియల్ కింద లెక్కగట్టి అందులో సగం కోస్తారు, 1,500. తప్పనిసరి కోత 1,000. మీ జేబు నుంచి 11,100, కంపెనీ నుంచి 25,900.

దాంతో పాటు నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది, తప్పు మీది కాకపోయినా సరే. ఇది అన్యాయమే, కానీ పాలసీ రాసుకున్న తీరు అది. సొంత డ్యామేజీ ప్రీమియం 9,000 అనుకుని, 50 శాతం బోనస్ సున్నాకి పడి మళ్లీ 20, 25, 35, 45 మెట్లెక్కి 50కి చేరేదాకా లెక్కేస్తే 11,250 ఎక్కువ కడతారు. కాబట్టి బిల్లు పది, పన్నెండు వేల లోపైతే క్లెయిమ్ జోలికి పోకపోవడమే మేలు.

రోడ్డు మీద రాజీకి ఒప్పుకుంటే మాత్రం షెడ్డులో బంపర్ విప్పి చూశాకే అంకె చెప్పండి. పైకి గీతలా ఉన్నదాని వెనక ఏసీ కండెన్సర్, రేడియేటర్ సపోర్ట్ వంగి ఉండొచ్చు. "ఇక ఏ క్లెయిమూ లేదు" అని సంతకం పెట్టి, తర్వాత మీ కంపెనీకి బిల్లు పంపితే వాళ్లు మొరాయిస్తారు. మీకు కట్టిన డబ్బు అవతలివాడి నుంచి రాబట్టుకునే హక్కు వాళ్లది, దాన్ని మీరు రాసిచ్చేసినట్టు అవుతుంది.

మీకు థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే కారు రిపేరు కూడా గుద్దిన బండి ఓనర్ మీదే వేయాలి. దానికీ ట్రిబ్యునలే. అక్కడ ఓపీ, అంటే పరిహారం పిటిషన్, వేయడానికి చట్టంలో గడువు ప్రమాదం నుంచి 6 నెలలు. చార్జిషీట్ వచ్చాక చూద్దాంలే అని కూర్చోకండి. ప్రమాదం భూపాలపల్లి దగ్గర జరిగినా మీరు హనుమకొండలో ఉంటే ఇక్కడే వేసుకోవచ్చు. డ్రైవర్‌తో పాటు ఆర్సీలో పేరున్న ఓనర్‌ను తప్పకుండా చేర్చాలి. "నేను అమ్మేసిన సార్, పేరు మారలేదంతే" అంటే చెల్లదు, రికార్డులో ఎవరుంటే వాళ్లే ఓనర్ అని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది. మీ కారులో వెనక కూర్చున్నవాళ్లకు దెబ్బలు తగిలి, మీ వైపు కూడా కొంత తప్పుందన్న వాదన ఉంటే, మీకు కాంప్రిహెన్సివ్ ఉన్న పక్షంలో వాళ్లు ఆ కంపెనీని కూడా చేర్చాలి. ఇద్దరి తప్పు కలిసినప్పుడు ప్రయాణికుడు మొత్తం పరిహారం ఎవరి నుంచైనా తీసుకోవచ్చు. ఓనర్ చేతిలో చిల్లిగవ్వ లేని కేసుల్లో వాళ్లను గట్టున పడేసేది ఇదే.

తప్పు ఎవరిదో తేల్చకుండా ఇచ్చే సెక్షన్ 164 పరిహారం కూడా ఉంది, మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు. ఇన్సూరెన్స్ లేకపోతే ఓనరే కట్టాలి. హిట్ అండ్ రన్ కింద ఇచ్చే 2 లక్షలు, 50 వేలు మాత్రం ఇక్కడ రావు. అవి ఏ బండి గుద్దిందో తెలియని కేసులకే, నంబరు తెలిసిన మీకు కాదు. ఈ రెండూ కలిపేసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లు ఉన్నారు.

తీర్పు వచ్చాక 30 రోజుల్లో జమ చేయాలి. చేయకపోతే సెక్షన్ 174 కింద ట్రిబ్యునల్ కలెక్టర్‌కు సర్టిఫికెట్ ఇస్తుంది, భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేస్తారు. ఓనర్‌కు ఊళ్లో పొలం ఉంటే సర్వే నంబర్లు మీరే సంపాదించి ఆ దరఖాస్తుకు జతచేయండి, మీ తరఫున వెతికిపెట్టే నాథుడు ఎవరూ ఉండరు.